ఎద్దుబండి మీద వచ్చిన విమాన పెట్రోలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరగానే నాకు స్వర్గీయ జె.ఆర్.డి. టాటా గారు జ్ఞాపకం వచ్చారు. పెందుర్తిలో మా డాబా మీద కూర్చుంటే విమానాలు కనబడతాయి, అందువల్ల కాబోలు.

టాటా గారు 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తల్లి ఫ్రెంచి వనిత. 1929 ఫిబ్రవరిలో మన దేశంలో పైలట్ లైసెన్సు పొందిన మొదటి వ్యక్తి ఆయనే. మరుసటి ఏడు ఆగాఖాన్ గారి పోటీలో కరాచీ నుండి లండనుకు ఒంటరిగా బయలుదేరారు. ఈజిప్టులోని అబూకిర్ వద్ద ఎదురు దిక్కు నుండి వస్తున్న ఆస్పీ ఇంజనీర్ అనే యువకుడు స్పార్క్ ప్లగ్గులు లేక చిక్కుబడి ఉంటే, తన వద్దనున్నవి ఇచ్చారు. కొద్ది గంటల తేడాతో పందెం ఆ యువకుడే గెలిచారు! ఆయనే తరువాత మన వైమానిక దళాధిపతి అయ్యారు.

1932 అక్టోబరు 15న టాటా గారు పుస్ మాత్ విమానంలో కరాచీ నుండి బొంబాయికి టపా తెచ్చారు. దానిని మిత్రుడు విన్సెంట్ గారు బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చారు. మధ్యలో అహమ్మదాబాదులో బర్మా షెల్ కంపెనీ పెట్రోలు నాలుగు గ్యాలన్ల డబ్బాలలో ఎద్దుబండి మీద వచ్చింది.

ఇక్కడ కొంచెం వివరించాలి. డబ్బా పెట్రోలులో తుప్పు, నీరు చేరే ప్రమాదముంది. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చెమ్మ కూడా నీరవుతుంది. నీరు బరువైనది కనుక అడుగుకు దిగుతుంది, ఇంజనుకు గొట్టం పోయేదీ అడుగు నుండే. అందుకని ఆనాటి వైమానికులు షామీ అనే మెత్తని తోలుతో వడగట్టేవారు. పెట్రోలు దిగేది, నీరు పైనే నిలిచేది. ఎగిరే ముందు ట్యాంకు అడుగు నుండి కొంత గాజుపాత్రలోకి వదిలి చూసేవారు. మా చిన్నతనంలో కిరసనాయిలులో నీళ్ళు కలిస్తే దీపం చిటపటలాడి ఆరిపోయేది. ఇంట్లో అగ్గిపుల్ల ఉంటుంది, ఆకాశంలో ఇంజను ఆగితే ఏం చేస్తాం? నేటి జెట్ విమానాలకు వాడేది కూడా ఒక రకం కిరసనాయిలే. దానినీ గాజుసీసాలో పట్టి, నీరు తగిలితే రంగు మారే బిళ్ళతో పరీక్షిస్తారు.

1948 జూన్ 8న ఆయన ఎయిర్ ఇండియా విమానం తొలిసారి లండనుకు వెళ్ళింది. 1953లో సంస్థ ప్రభుత్వపరమైనా 1978 వరకు ఆయనే అధ్యక్షులు. విమానంలో టీ రంగు కూడా గమనించి నోటు వ్రాసేవారట. మన ఆఫీసులలో అటువంటి పై అధికారి ఉంటే గుమాస్తాలకు నిద్ర ఉండేది కాదు!

1982లో, 78 ఏళ్ళ వయసులో, మళ్ళీ అదే అక్టోబరు 15న పాత లెపర్డ్ మాత్ విమానం నడుపుకుంటూ కరాచీ నుండి బొంబాయి వచ్చారు. 1992లో భారతరత్న అందుకున్నారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. పుట్టిన పారిస్‌లోనే సమాధి చేశారు.