డోర్నకల్ దేవాలయానికి పెద్దవూర వందనాలు

క్రిస్మస్ నక్షత్రాలు ఇళ్ల ముందు నుంచి దించకముందే డోర్నకల్‌కు మరో పండుగ వస్తుంది. తూర్పు దేశపు జ్ఞానులు బాలయేసును దర్శించుకున్న ఎపిఫనీ రోజున, 1939 జనవరి 6న, అక్కడి దేవాలయాన్ని ప్రతిష్ఠించారు. ఈ వార్షికోత్సవ వేళ డోర్నకల్ సంఘ పెద్దలకు, అయ్యగార్లకు, అక్కచెల్లెళ్లకు పెద్దవూర నుంచి వందనాలు. మా నల్లగొండ వైపు సువార్త బాప్టిస్టు మిషన్ వారి ద్వారా వచ్చింది, మీది ఆంగ్లికన్ బాట. అయినా ఆ గుడి మాకూ గర్వకారణమే.

తిరునెల్వేలి సీమలోని ఒక పల్లెలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో డోర్నకల్ చేరారు. ఆయన్ని పంపింది తమిళ క్రైస్తవులు సొంత కానుకలతో నడుపుకున్న మిషనరీ సంఘం. 1912లో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఒక భారతీయుడికి ఆ పదవి దక్కడం అదే మొదలు. అంతటి పదవిలోకి వచ్చినా నిజాం రాజ్యంలోని ఆ చిన్న ఊళ్లోనే ఉండిపోయారు.

ఇక గుడి సంగతి. బయటి నుంచి చూస్తే గుమ్మటాలు, మినార్లు. లోపల హిందూ గుడి మండపాన్ని తలపించే చెక్కడపు రాతి స్తంభాలు. వాటన్నిటి మధ్య సిలువ. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి గోతిక్ వైభవం గొప్పదే. కానీ నా మనసు డోర్నకల్ దగ్గరే ఆగుతుంది. అక్కడి సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వారు. ఊరి గుడి గడప తొక్కనివ్వని రోజుల్లో, వాళ్లు చెప్పులు బయట విడిచి, అలాంటి స్తంభాల నడుమే కూర్చుని, తెలుగులో కీర్తనలు పాడుకున్నారు. కోతల పండుగకు వడ్లు, కోళ్లు, మేకపిల్లలు తెచ్చి దేవుని ముందు పెట్టారు. పరాయి దేశపు కట్టడానికి నకలుగా కాక, ఈ నేల పనితనంతోనే గుడి లేవాలన్న బిషప్ గారి పట్టుదల ఎంత విలువైనదో ఇక్కడే తెలుస్తుంది.

అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆయన ఏళ్ల తరబడి పాటుపడిన సంఘాల ఐక్యత 1947లో దక్షిణ ఇండియా సంఘంగా నెరవేరింది.

2039లో ఈ దేవాలయానికి నూరేళ్లు నిండుతాయి. డోర్నకల్ యువతకు ఒక్క మనవి: మీ ఇళ్లలోని తాతలను, నాయనమ్మలను కూర్చోబెట్టి, ఈ గుడి గురించి వాళ్లు విన్నవీ కన్నవీ ఇప్పుడే రాసిపెట్టండి.