జాలి కాదు, చేతిలో పని

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆవిడ ఆ పెళ్లిని కాదనుకున్నారు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. అక్కడ చదువులేని ఆడఖైదీల అవస్థ కళ్లారా చూశారు. బయటికొచ్చాక మెట్రిక్ కట్టి, ఎం.ఏ., లా దాకా చదివారు. ఆ చదువు మధ్యలోనే మద్రాసులో ఇరుగుపొరుగు ఆడపిల్లల్ని బెనారస్ మెట్రిక్‌కి తయారుచేశారు. 1937 నాటి ఆంధ్ర మహిళా సభ అలా పుట్టిందే.

అంధుల సహాయ సంఘం అధ్యక్షురాలిగా అంధులకి బడి, హాస్టలు, లైట్ ఇంజనీరింగ్ వర్క్‌షాపు పెట్టించారు. జాలిపడి పట్టెడన్నం పెట్టి ఊరుకోలేదు, పని నేర్పించారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు ఆగిపోయిన ఆడవాళ్ల కోసం ఆ బోర్డు 1958లో తక్కువ కాలంలో పరీక్షకి కూర్చోబెట్టే కోర్సులు తెచ్చింది. వితంతువులకీ, భర్త వదిలేసినవాళ్లకీ నర్సు, టీచరు, గ్రామసేవిక ఉద్యోగాలకి అదే దారైంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1981లో కన్నుమూశారు.

నరసరావుపేటలో, మాచర్లలో, గురజాలలో వికలాంగ బిడ్డని కంటికి రెప్పలా సాకుతున్న తల్లులు ఎందరో! ఆ ఓర్పుకి శిక్షణ తోడైతే అదే గౌరవమైన ఉద్యోగం. చేరేముందు ఆ కోర్సుకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి.