డాక్టర్ వృత్తి వదిలి గోల్ఫ్ మైదానాలు గీశారు.. ఫీజు పూర్తిగా అందకుండానే పోయారు! ఇప్పుడు ఆయన పాత గీతల కోసమే క్లబ్బుల కోట్ల ఖర్చు

ఏటా ఏప్రిల్‌లో ఓ సోమవారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఫోన్ తెరవండి. రీల్స్‌లో ఒకటే పచ్చదనం కనిపిస్తుంది. అమెరికాలోని అగస్టా గోల్ఫ్ కోర్స్‌లో మాస్టర్స్ టోర్నీ మనకు తెల్లవారుజామున ముగుస్తుంది. ఎల్బీనగర్ వచ్చేలోపు గెలిచిన ఆటగాడి ఆకుపచ్చ కోటు, తెల్లటి ఇసుక, పూల చెట్లు అన్నీ చూసేస్తాం. గెలిచినోడి పేరు అందరికీ తెలుస్తుంది. ఆ మైదానాన్ని గీసిన మనిషి పేరు మాత్రం వీడియోలో ఎక్కడా రాదు.

ఆయన పేరు అలిస్టర్ మెకెంజీ. చదివింది డాక్టర్ చదువు. పోయి 90 ఏళ్లు దాటింది. ఇప్పుడు ప్రపంచంలో పేరున్న ప్రైవేట్ గోల్ఫ్ క్లబ్బులు తమ మైదానాలను తవ్వి మరీ ఆయన పాత డిజైన్లను వెతుక్కుంటున్నాయి.

యుద్ధంలో దొరికిన పాఠం

మెకెంజీ 1870 ఆగస్టు 30న ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టారు. తల్లిదండ్రులది స్కాట్లాండ్ మూలం. తండ్రి డాక్టర్. కొడుకు కూడా కేంబ్రిడ్జ్‌లో చదివి డాక్టరయ్యారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు.

దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలయ్యాక సైన్యంలో సర్జన్‌గా వెళ్లారు. బోయర్లు చాలావరకు రైతులు. సంఖ్యలో తక్కువ. అయినా బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టారు. ఎలాగంటే, వాళ్ల కందకాలు దగ్గరికెళ్లేదాకా కనిపించేవి కావు. నేల వాలు, గడ్డి, రాళ్లు ఎలా ఉన్నాయో అందులోనే కలిసిపోయేలా తవ్వేవాళ్లు. గాయపడ్డ సైనికులకు కట్లు కడుతూనే మెకెంజీ ఆ కందకాలను గమనించారు. మనిషి చేసింది ప్రకృతి చేసినట్టే కనిపించాలన్న పట్టుదల ఆయనకు అక్కడే పుట్టింది.

తిరిగొచ్చి లీడ్స్ ఊళ్లో ప్రాక్టీస్ చేస్తూనే 1907లో ఆల్వుడ్లీ అనే క్లబ్ పెట్టడంలో ముందున్నారు. డిజైన్ ఆలోచనా ఆయనదే. అప్పటికే పేరున్న డిజైనర్ హ్యారీ కోల్ట్ వచ్చి ఆయన స్కెచ్‌లు చూసి ప్రోత్సహించారు. 1914లో ఇంకో మలుపు. 'కంట్రీ లైఫ్' పత్రిక ఒక్క హోల్‌కి డిజైన్ పంపమని పోటీ పెట్టింది. మొదటి బహుమతి ఈ డాక్టర్‌కే వచ్చింది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో కట్టిన లీడో కోర్స్‌లో ఆ డిజైన్ ఆధారంగానే చివరి హోల్ కట్టారు. ఈ లీడోని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం. ఈసారి కూడా సైన్యంలో చేరారు. కానీ కాసేపటికే స్టెతస్కోప్ పక్కన పెట్టి, కందకాలు కనిపించకుండా తవ్వడం ఎలాగో సైనికులకు నేర్పే పనిలో పడ్డారు. యుద్ధం ముగిశాక మళ్లీ వైద్యం జోలికి పెద్దగా పోలేదు. మైదానాలే వృత్తి.

గల్లీ క్రికెట్ రూల్ లాంటిదే!

గోల్ఫ్ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. టీ అనే చోట నిలబడి బంతిని కొట్టాలి. ఫెయిర్‌వే అనే పొడవాటి గడ్డి దారి దాటించి, గ్రీన్ అనే నున్నటి గడ్డి మీదున్న చిన్న గుంతలో వేయాలి. దీన్ని ఒక హోల్ అంటారు. అలాంటివి 18. దారిలో అడ్డంగా ఇసుక గుంతలుంటాయి, అవే బంకర్లు.

1920లో మెకెంజీ ఒక చిన్న పుస్తకం వేశారు. మంచి మైదానానికి ఉండాల్సిన 13 లక్షణాలు అందులో రాశారు. ఈ రోజుకీ క్లాసిక్ డిజైన్ అంటే అందరూ ముందు ఆ జాబితానే తీస్తారు. ఏ రెండు హోల్స్ ఒకేలా ఉండకూడదు. ఒక గ్రీన్ నుంచి తర్వాతి టీకి ఎక్కువ నడవాల్సిన పని ఉండకూడదు. నేల ఎత్తుపల్లాలుగా ఉండాలి గానీ కొండెక్కించకూడదు. పోయిన బంతి కోసం పొదల్లో వెతుక్కునే చిరాకు అసలే ఉండకూడదు. మనిషి చేసిన మార్పు ఏదైనా ప్రకృతిలో కలిసిపోవాలి.

వీటిలో అసలు గుండెకాయ వేరే ఉంది. దమ్మున్న ఆటగాడికి గుంత మీదుగా కొట్టే సవాలు ఉండాలి, పక్కనే బలం లేనోడు చుట్టూ తిరిగి వచ్చే దారి కూడా ఉండాలి. మొదటిసారి కర్ర పట్టినోడు వంద తప్పులు చేసినా సంతోషంగా ఇంటికెళ్లాలి. మన గల్లీ క్రికెట్‌లో చిన్నపిల్లాడు ఔటైనా ఇంకో బాల్ ఇస్తాం కదా, అచ్చం అదే. అప్పట్లో చాలా క్లబ్బుల్లో ఇది వింత. తప్పు కొట్టినోడికి శిక్ష పడాల్సిందే అన్నట్టు మైదానం నిండా గుంతలు తవ్వేవాళ్లు.

ఆయనకు గురువు మనిషి కాదు, ఒక మైదానం. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌ని ఏ ఒక్కరూ కూర్చుని గీయలేదు. గాలి, గొర్రెలు, కాలం కలిసి చేశాయి. మెకెంజీ దాన్ని కొలిచి 1924లో మ్యాప్ తయారుచేశారు. ఇప్పటికీ చాలా క్లబ్బుల గోడల మీద ఆ మ్యాప్ వేలాడుతుంటుంది.

ఓడెక్కిన డాక్టర్

1926లో ఆస్ట్రేలియా వెళ్లారు. రాయల్ మెల్‌బోర్న్ క్లబ్ పిలిచింది. అక్కడున్నది కొద్ది వారాలే. గీతలు గీసి వచ్చేస్తే, స్థానికులు శ్రద్ధగా కట్టి 1931లో ఆట మొదలుపెట్టారు. ఆ వెస్ట్ కోర్స్ ఇప్పటికీ ప్రపంచంలో మేటి మైదానాల్లో ఒకటి.

అర్జెంటీనాలో ఆయన చేసిన పని మన వైపు వాళ్లకి బాగా ఎక్కుతుంది. బ్యూనస్ ఎయిరిస్‌లో జాకీ క్లబ్ ఇచ్చిన నేల బల్లలా చదును. వాన పడితే నీళ్లు కదలవు. సరూర్‌నగర్ చెరువు నిండితే కోదండరాంనగర్ ఇళ్లలోకి నీళ్లెలా వస్తాయో చూసినోళ్లకి ఈ సమస్య చెప్పక్కర్లేదు. మెకెంజీ మైదానమంతా వంపులు తిరిగే పల్లాలు తవ్వించారు. తవ్విన మట్టితోనే పక్కన మిట్టలు పోయించారు. నీళ్లు పోవడానికి దారి దొరికింది, ఆటకి ఎత్తుపల్లాలూ దొరికాయి. చూసినోళ్లకి అది మురుగుకాలువ పనని అనుమానం కూడా రాదు.

కాలిఫోర్నియాలో ఆయనకి మరియన్ హాలిన్స్ దొరికారు. 1921 అమెరికా మహిళల అమెచ్యూర్ చాంపియన్ ఆమె. సముద్రం ఒడ్డున సైప్రస్ పాయింట్ అనే ప్రైవేట్ క్లబ్ పనికి మెకెంజీని తెచ్చింది ఆమే. 1928లో అది తెరుచుకుంది. అక్కడ 16వ హోల్‌లో సముద్రపు పాయ మీదుగా 200 గజాలకు పైగా కొట్టాలి. అది కుదరదని అంతకుముందు డిజైనర్ అనుమానపడితే, హాలిన్స్ అక్కడికక్కడే బంతి పెట్టి అవతలి ఒడ్డుకి కొట్టి చూపించారట. ఆ హోల్ క్రెడిట్ మెకెంజీ కూడా ఆమెకే ఇచ్చారు. ఎడమవైపు భయపడేవాళ్ల దారి కూడా ఉంచారు, అది వేరే సంగతి.

తర్వాత శాంటాక్రజ్‌లో హాలిన్స్ సొంతంగా పసాటియెంపో మొదలుపెట్టారు. మన చైతన్యపురి కోచింగ్ సెంటర్లలో చదివి బే ఏరియాలో సెటిలైన వాళ్లకు ఈ ఊరు బాగా తెలుసు. శాన్‌హోజే నుంచి హైవే 17 మీద కొండ దాటితే వచ్చేదే. 1929 సెప్టెంబర్ 8న ప్రారంభం. ఆ రోజు ఆడినవాళ్లలో అప్పటి సూపర్‌స్టార్ బాబీ జోన్స్ ఉన్నారు. మెకెంజీ పనితనం ఆయన కళ్లారా చూశారు. ఆరో హోల్ పక్కనే మెకెంజీ ఇల్లు కట్టుకున్నారు.

సరిగ్గా నెలన్నరకి అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది.

అగస్టా.. అందని ఫీజు

బాబీ జోన్స్ తన కలల మైదానం కోసం జార్జియాలోని అగస్టాలో పాత పళ్ల మొక్కల నర్సరీ భూమి తీసుకున్నారు. డిజైన్‌కి మెకెంజీని పిలిచారు. చాలామంది వంద గుంతలైనా ఉంటాయనుకున్నారు. ఆయన పెట్టింది 22 బంకర్లే. వెడల్పాటి ఫెయిర్‌వేలు, ఎత్తుపల్లాల గ్రీన్లు, ఎటు నుంచి కొట్టాలో బుర్రతో ఆలోచించాల్సిన దారులు. సాధారణ సభ్యుడు హాయిగా ఆడుకోవాలి, చాంపియన్‌కి చెమటలు పట్టాలి.

కానీ దేశమంతా మాంద్యం. సభ్యులు చేరట్లేదు. క్లబ్ చేతిలో డబ్బుల్లేవు. అనుకున్న ఫీజు 10 వేల డాలర్లు. దాన్ని 5 వేలకి తగ్గించుకున్నారు. చేతికొచ్చింది 2 వేలే. మిగతా క్లబ్బుల నుంచి కూడా పైసా రాని రోజులవి. ఉన్నదంతా తాకట్టు పెట్టామని, భార్య ఆపరేషన్ ఖర్చులే కట్టలేకపోతున్నామని, కనీసం 500 డాలర్లైనా పంపమని ఆయన అగస్టా క్లబ్ పెద్దలకి ఉత్తరం రాసుకున్నారు. మేస్త్రీ కూలి బాకీ ఉండగానే గృహప్రవేశం చేసుకున్నట్టు అయింది పరిస్థితి. క్లబ్ కావాలని ఎగ్గొట్టిందని అనలేం, అది కూడా అప్పులోనే ఉంది. అయినా చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది.

1932 తర్వాత ఆయన అగస్టా వెళ్లలేదు. గడ్డి మొలిచి పూర్తయిన మైదానాన్ని చూడనేలేదు. 1934 జనవరి 6న పసాటియెంపో ఇంట్లో గుండె ఆగి కన్నుమూశారు. వయసు 63. అగస్టాలో మొదటి టోర్నీ దాదాపు రెండున్నర నెలల తర్వాత, మార్చిలో జరిగింది. ఆయన చివరి రోజుల్లో రాసుకున్న పుస్తకం రాతప్రతి దశాబ్దాల పాటు ఎవరికీ కనపడలేదు. 1995లో గానీ అచ్చు కాలేదు.

చెరిపింది ఎవరు? మళ్లీ గీస్తోంది ఎవరు?

ఆయన పోయాక మైదానాలు మారిపోయాయి. కొన్ని మార్పులు కావాలని చేసినవి. క్లబ్ కమిటీ మారినప్పుడల్లా కొత్త పెద్దలు వచ్చి ఒక బంకర్ పూడ్చి ఇంకో చోట తవ్వేవాళ్లు. ఫెయిర్‌వేల పక్కన చెట్లు నాటారు, అవి పెరిగి ఆయన ఉంచిన రెండో దారిని మూసేశాయి. కమిటీల గురించి మెకెంజీ ముందే మొత్తుకున్నారు, ఎవరు వింటారు?

ఇంకొన్ని మార్పులు ఎవరూ గమనించకుండానే జరిగాయి. గడ్డి కోసే మెషీన్ నడిపేవాడు అంచు దగ్గర జాగ్రత్తగా కాస్త లోపలికే తిప్పుతాడు. రోజూ అంగుళం కూడా కాదు. కానీ 50 ఏళ్లలో గ్రీన్ కుంచించుకుపోయి గుండ్రంగా అయిపోతుంది. మూలల్లో జెండా పెట్టే చోట్లు పోతాయి. బంకర్ నుంచి కొట్టినప్పుడల్లా చిమ్మిన ఇసుక గ్రీన్ అంచు మీద పడి పడి గట్టులా లేస్తుంది. డిజైనర్ గీసిన వాలు దాని కిందే ఉండిపోతుంది.

క్లాసిక్ రెనొవేషన్ అంటే ఇప్పుడు చేసేది ఈ పొరలు తీయడమే. ముందు పాత ఫొటోలు, ఆకాశం నుంచి తీసిన చిత్రాలు, స్కెచ్‌లు పోగేస్తారు. నేలలోకి కడ్డీ దించి చూస్తారు. పాత ఇసుక తగిలిందంటే అక్కడ పూడ్చేసిన బంకర్ ఉన్నట్టే. గ్రీన్ పాత అంచు ఎక్కడుందో మట్టి పొరల్ని బట్టి కనిపెడతారు. తర్వాత చెట్లు కొట్టాలి. గొడవంతా ఇక్కడే. తాము నాటిన చెట్టు కొడతామంటే ఏ క్లబ్‌లో సభ్యులు ఊరుకుంటారు?

కాలిఫోర్నియాలో సభ్యులకు మాత్రమే తెరిచి ఉండే మెడో క్లబ్ ఈ పని చేయించింది. మెకెంజీ అమెరికాలో మొదట్లో చేసిన కోర్సుల్లో అది ఒకటి. పసాటియెంపోలో డిజైనర్ టామ్ డోక్ ఏళ్ల తరబడి శ్రమించి 2007 నాటికి పాత బంకర్లు తెచ్చారు. అక్కడితో అయిపోలేదు. ఆయన దగ్గర పనిచేసిన జిమ్ అర్బీనా 2023లో గ్రీన్లన్నీ తవ్వి 2024 చివరికి మళ్లీ కట్టారు. ఎందుకంటే ఇప్పటి గడ్డి నున్నగా, స్పీడ్‌గా మారింది. పాత వాలు మీద బంతి ఆగట్లేదు. వాలు ఉంచాలి, బంతీ ఆగాలి. ఆ లెక్క తేల్చడమే అసలు పని.

ముందు చెప్పుకున్న లీడో గుర్తుందా? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ ఆ స్థలం తీసుకుంది, మైదానం మాయమైంది. పాత ఫొటోల నుంచి కంప్యూటర్ మోడల్ చేసి, విస్కాన్సిన్ రాష్ట్రంలో అదే మైదానాన్ని మళ్లీ కట్టారు. 2023లో తెరుచుకుంది. డాక్టర్ గారికి బహుమతి తెచ్చిన 18వ హోల్‌తో సహా.

అగస్టా మాత్రం వెనక్కి వెళ్లే ఆలోచనలో లేదు. టీవీలో ఆడే మైదానం కదా. మొదట్లో 6,700 గజాల దగ్గరున్నది ఇప్పుడు 7,500 దాటింది. బంకర్లు రెట్టింపు దాకా పెరిగాయి.

మన దగ్గర సంగతి? దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల గోల్ఫ్ లేదు. మలక్‌పేట రేస్‌కోర్స్ ఒక్కటే పెద్ద పచ్చిక. నగరంలో పేరున్న 18 హోల్స్ కోర్స్ అటు చివర గోల్కొండ నయాకిలాలో ఉంది. అక్కడ గడ్డి కింద ఉన్నది ఏ డిజైనర్ గీతలో కాదు, కుతుబ్‌షాహీల తోట. పురావస్తు శాఖ తవ్వితే నీటి కాలువలు, మట్టి గొట్టాలు బయటపడ్డాయి. పక్కనే 400 ఏళ్ల హతియాన్ చెట్టు. అక్కడ పార పట్టాలంటే ఆటగాళ్లతో పాటు చరిత్ర అధికారులూ ఒప్పుకోవాలి.

పసాటియెంపోలో ఆరో హోల్ పక్కన మెకెంజీ ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆయన చితాభస్మాన్ని ఆ మైదానం మీదే చల్లారని అక్కడివాళ్లు చెబుతారు. 16వ హోల్ ఆయనకి చాలా ఇష్టమట. మొన్న కొత్తగా కట్టిన గ్రీన్లలో అదీ ఉంది.