మూడు రూపాయల పంతులు

తాడేపల్లిగూడెం దాపున కడియెద్ద అనే పల్లె ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర చర్ల బ్రహ్మయ్యశాస్త్రి అక్కడ సంస్కృత వ్యాకరణం చెప్పేవారు. తిరుపతి వేంకట కవులుగా ఆంధ్రదేశాన్ని ఏలిన దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆయన శిష్యులే. వారాలు చేసుకుని చదువుకునే ఆ పద్ధతిలో ఫీజు లేదు, పట్టా లేదు. గురువు ఇల్లే బడి, గురువు మాటే యోగ్యతాపత్రం. ఆ ఇంటి అరుగు మీద కూర్చోవడానికి మాత్రం ఒక యోగ్యత కావాలి. అది పుట్టుకతో రావలసిందే.

అక్కడికి ఎగువన, మెట్ట ప్రాంతంలో, ద్వారకా తిరుమలకు చేరువలోని దూబచర్లలో ఇవాళ ఉపాధ్యాయ శిక్షణ సంస్థ ఉంది. అందరూ డైట్ అనేది దాన్నే. ప్రవేశ పరీక్ష, రిజర్వేషన్, రెండేళ్ల చదువు, చివర డిప్లొమా. ఇక్కడ యోగ్యత కాగితం మీద ఉంటుంది. కొల్లేటి లంక నుంచి వచ్చినా, మెట్ట పల్లెలోని మాదిగవాడ నుంచి వచ్చినా ఆ కాగితం ఒకటే.

ఈ రెండు ఊళ్ల మధ్య దూరం కొద్ది మైళ్లే. చరిత్రలో ఆ దూరమెంతో తెలుసుకోవాలంటే మరొక జిల్లా మనిషి జీవితాన్ని చదవాలి. ఆయన గుర్రం జాషువా. మహాకవిగా ఆయన అందరికీ తెలుసు. బతుకుతెరువు కోసం దశాబ్దాల పాటు పాఠం చెప్పిన పంతులుగా తెలిసింది తక్కువ.

జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండ ప్రాంతంలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. కులాంతర వివాహం, ఆపై క్రైస్తవం. ఊరికి ఈ కుటుంబాన్ని ఏ గడిలో వేయాలో తెలియకపోలేదు. తల్లి కులాన్నే లెక్కలోకి తీసుకుంది. ఆటపాటలతో హాయిగా సాగిన బాల్యానికి బడిలో కాలుపెట్టగానే చేదు తగిలింది. తోటిపిల్లల నుంచే కాదు, పంతుళ్ల నుంచీ అవమానాలు. కులం పేరుతో తిట్టిన పిల్లలను జాషువా తిరిగి కొట్టేవారు. పంతుళ్లను కొట్టలేరు కదా. పెద్దయ్యాక తానే పంతులయ్యారు.

తొలి కొలువు మిషనరీ బడిలో, నెలకు మూడు రూపాయల జీతం. ఆనాడు అంటరాని కులాల యువకుడికి ఒంటికి మట్టి అంటని ఉద్యోగమంటూ దొరికితే అది మిషన్ బడి పంతులుగిరే. ఏలూరు కేంద్రంగా చర్చి మిషనరీ సొసైటీ, గుంటూరు కేంద్రంగా అమెరికన్ లూథరన్లు నడిపిన పల్లె బడులకు పంతుళ్లు కావాలి. మాలమాదిగ వాడలకు వచ్చి పాఠం చెప్పే అగ్రకులాలవారు దొరకరు. అందుకే నాలుగు అక్షరాలు వచ్చిన వాడపిల్లల్నే పంతుళ్లుగా నిలబెట్టారు. వాళ్లు ముందు కొలువులో చేరి, ఆ తరువాత శిక్షణ పొందారు. మహారాష్ట్రలో సావిత్రీబాయి ఫూలే పాఠం చెప్పడం నేర్చుకున్నదీ అహ్మద్‌నగర్, పుణెల్లో మిషనరీలు నడిపిన శిక్షణ బడుల్లోనే. అణగారినవారికి ఉపాధ్యాయ వృత్తి ఈ పక్కదారిన వచ్చింది.

ఆ మూడు రూపాయల ఉద్యోగమూ నిలవలేదు. జాషువా రాజమహేంద్రవరం వెళ్లి 1915-16లో సినిమా వాచకుడయ్యారు. తెర మీద మూగబొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథ, సంభాషణలు గొంతెత్తి చెప్పాలి. పద్యాన్ని వేలమందికి వినిపించగల కంఠం ఆయనకు అక్కడే సానదేరిందని ఊహించడం తప్పు కాదు. తరగతి గదికి ఇంతకన్నా మంచి శిక్షణ ఏ నార్మల్ స్కూలు ఇవ్వగలదు?

తరువాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పనిచేశారు. అంటే పంతుళ్లు కాబోయేవారికి పంతులు. ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటుంది. హైస్కూల్లో తెలుగు పండితుడి పదవికి తెలుగు వస్తే చాలదు, సంస్కృతమూ రావాలి. ఉభయ భాషా ప్రవీణ అన్న పట్టా పేరులోనే ఆ షరతు ఉంది. సంస్కృతం నేర్పే పాఠశాలలేమో కడియెద్ద అరుగులాంటివి. పదవికి తలుపు తీసిన ప్రభుత్వం, ఆ పదవికి కావలసిన చదువు తలుపు తీయలేదు. చట్టంలో ఎక్కడా కులం మాట లేకుండానే కులం పని జరిగిపోయే పద్ధతి ఇది.

జాషువా ఆ తలుపును పక్క నుంచి తెరిచారు. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాంగత్యం కవిత్వం మీద మక్కువ పెంచింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి వద్ద రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదివారు. ఈ ఇద్దరు బ్రాహ్మణుల పేర్లు తలచుకోవడం న్యాయం. అయితే ఒక వ్యక్తి మంచితనం వ్యవస్థకు మారుపేరు కాదు. హనుమచ్ఛాస్త్రి వంటివారు దొరకని వందల మంది మాల మాదిగ పంతుళ్లు జీవితాంతం కింది తరగతి పంతుళ్లుగానే మిగిలారు. కొలువు చేస్తూ, పిల్లల్ని సాకుతూ, రాత్రివేళల్లో చదివి జాషువా ఉభయ భాషా ప్రవీణ పట్టా పొందారు. 1928 నుంచి 1942 వరకు గుంటూరు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులుగా ఉన్నారు.

పట్టా వచ్చింది కనుక అవమానం పోయిందనుకుంటే పొరపాటు. వినుకొండ అవధాన సభలో పద్యాలు చదివినందుకు, తక్కువ కులంవాణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చారని కొందరు నిలదీశారు. మరోవైపు, క్రైస్తవుడై ఉండి హిందూ పురాణ విషయాలు రాస్తున్నాడని చర్చి పెద్దలు ఆగ్రహించి, కుటుంబాన్ని సంఘం నుంచి వెలివేశారు. ఆ చిక్కు ఎంత క్రూరమైనదో చూడండి. పండితుడు కావాలంటే కాళిదాసును చదవాలి. చదివితే సొంత సంఘం వెలివేస్తుంది. చదివినా సభ రానివ్వదు. చివరి దశలో ఆయన నాస్తికత్వం వైపు నడిచారంటే ఆశ్చర్యమేముంది?

ఈ చదువును ఆయన ఏం చేసుకున్నారో 1941 నాటి 'గబ్బిలం' చెబుతుంది. హనుమచ్ఛాస్త్రి వద్ద చదివిన మేఘసందేశంలో యక్షుడు మేఘంతో ప్రియురాలికి కబురు పంపుతాడు. జాషువా కావ్యంలో అరుంధతీసుతుడు గబ్బిలంతో కాశీలోని శివుడికి కబురు పంపుతాడు. గుళ్లోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంటే ఆ కావ్యం వెలువడ్డాక మరో ఆరేళ్ల పాటు, చిన్నతిరుపతి కొండ మీదికైనా దళితుడు హక్కుగా నడిచి వెళ్లగల చట్టం లేదు. పండిత పరీక్ష కోసం చదివిన పుస్తకాన్నే ఆ పండిత వ్యవస్థ మీద అభియోగపత్రంగా మార్చడం తెలుగు సాహిత్యంలో అరుదైన సంఘటన. ఇది తరగతి గదిలో సుద్దముక్క పట్టుకున్న చేతి పని.

జీతం సంగతి మళ్లీ చెప్పాలి. శిక్షణ పొందినవారికి ఒక జీతం, పొందనివారికి ఒక జీతం అనే విభజన జాషువా కాలంతో పోలేదు. 1980లలో నెలకు 398 రూపాయలకు చేరిన స్పెషల్ టీచర్లు ఆ అంకెతోనే పేరుపడ్డారు. 2017లో విద్యాహక్కు చట్టాన్ని సవరించి, పట్టా లేని ఉపాధ్యాయులందరూ 2019 మార్చి 31 లోపు శిక్షణ పూర్తి చేయాలన్నారు. ప్రైవేటు బడుల్లో పగలు పాఠం చెబుతూ, సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా దేశవ్యాప్తంగా లక్షల మంది 18 నెలల కోర్సు చదివారు. 2023లో సుప్రీంకోర్టు అది రెండేళ్ల డిప్లొమాకు సమానం కాదంది. సవరణ నాటికే కొలువులో ఉన్నవారికి చెల్లుతుందని 2024లో వివరణ ఇచ్చింది. ప్రమాణాలు ఉండవలసిందే, పిల్లల చదువుతో ఆటలాడకూడదు. కానీ కొలువు చేస్తూ చదివినవాడి పట్టాను అందరికన్నా ముందు అనుమానించే అలవాటు మాత్రం పాతదే.

యుద్ధకాలంలో జాషువా కొంతకాలం యుద్ధ ప్రచారకులుగా పనిచేశారు. 1957 నుంచి 1959 వరకు మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత. 1964లో శాసనమండలి సభ్యత్వం, అదే ఏడు 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్. వీటన్నిటికన్నా జనం నోట నిలిచింది వేరొకటి. కడియెద్దలో చదివిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి నిండు సభలో వంగి, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. తన గురువు అరుగు ఎక్కనివ్వని కులపు పాదాన్ని ముట్టుకున్న ఆ చేయి పెద్దదే. అయితే ఆ కథ చెప్పేవారు తొడిగిన చేతి ఔదార్యాన్నే ఎక్కువగా చెబుతారు. ఆ కాలు ఎంత దూరం నడిచి ఆ సభకు వచ్చిందో తక్కువగా చెబుతారు.

1971 జూలై 24న జాషువా గుంటూరులో కన్నుమూశారు. ఆయన పద్యాలు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. కవి పరిచయంలో బిరుదులు, పురస్కారాలు వరుసగా ఉంటాయి. మూడు రూపాయల బడి, కొలువు చేస్తూ రాసిన పరీక్ష మాత్రం ఉంటే ఒక వాక్యం, లేకుంటే అదీ లేదు.