దొరకు తలవంచని బందగీ

జనగామ నుండి సూర్యాపేటకు పోయే మార్గంలో, దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెం వద్ద, బాట పక్కన ఒక సమాధి ఉన్నది. అందులో నిద్రించుచున్నవాడు రాజు కాడు, పండితుడు కాడు, పీఠాధిపతి అంతకన్నా కాడు. కొద్దిపాటి భూమిని నమ్ముకొని, చేతి కష్టంతో సంసారాన్ని నడుపుకొన్న ఒక సామాన్య రైతు. ఆయన పేరు షేక్ బందగీ. కుల మత భేదం లేక జనులు ఆ సమాధి ముందు తల వంచుచున్నారు. బతికి ఉండగా ఆయన మాత్రం ఏ దొర ముందూ తల వంచలేదు. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాల సంచికలో స్మరింపదగిన జీవితం ఇది అని మేము తలచినాము.

ఆ జీవితం అర్థం కావలెనంటే ముందుగా ఆ కాలాన్ని తెలుసుకొనవలెను. నిజాం రాజ్యంలో నాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగం. శిస్తు వసూలు చేసే దేశ్‌ముఖులు, సాలార్‌జంగు సంస్కరణల తరువాత ఆ పని కోల్పోయినా, రుసుములు పొందుచూ, భూముల లెక్కలు కట్టే సమయంలో వేల ఎకరాలను తమ పేర రాయించుకొన్నారు. విసునూరు దేశ్‌ముఖు రాపాక వెంకట రామచంద్రారెడ్డి అధీనంలో 40,000 ఎకరాల భూమి ఉండేదని పోరాట చరిత్రలు నమోదు చేసినవి. ఆయన గడీ మాటే చుట్టుపక్కల గ్రామాలకు చట్టం. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన వారందరూ వెట్టి చేయవలసినదే. వెట్టిని నిషేధించుచూ ఫర్మానాలు వెలువడినా అవి గడీ గుమ్మం దాటి లోపలికి పోలేదు. పేదవాని నోట బాంచన్ అను మాట తప్ప మరొక మాట వినిపించని రోజులవి.

అట్టి రోజులలో బందగీ భూమి తగవులో చిక్కుకొన్నది. ఆ తగవు పరాయివారితో మొదలు కాలేదు, రక్తసంబంధీకుల మధ్యనే పుట్టినది. ఎదుటి పక్షానికి దేశ్‌ముఖు అండ దొరకినది. ఇంటి తగవులో వేలు పెట్టి భూమిని తన వశం చేసుకొనుట గడీలకు పాత విద్య. అప్పటివరకు అట్టి సందర్భాలలో రైతులు చేసిన పని ఒక్కటే: దొర కాళ్ళ మీద పడి, ఆయన ఇచ్చినది పుచ్చుకొని, మిగిలినది మరచిపోవుట. బందగీ ఆ పని చేయలేదు. కోర్టుకు పోయినాడు.

ఈ మాట నేడు మనకు చిన్నదిగా తోచవచ్చును. నాటి పరిస్థితిలో అది మహా సాహసం. కోర్టులో నడిచేది 1880ల నుండి రాజభాషగా స్థిరపడిన ఉర్దూ. అర్జీ, దస్తావేజు, వకాలత్‌నామా, గవాహీ, ఫైసలా - ఈ మాటల వెనుక ఏమున్నదో పల్లె రైతులకు తెలియదు. వకీలుకు రుసుము చెల్లించవలెను. పేషీ పడిన ప్రతిసారీ పొలం పని విడిచి పోవలెను. సాక్ష్యం చెప్పుటకు వచ్చినవాడు మరునాడు అదే దొర ఊరిలో బతకవలెను. అన్నిటికన్న మించి, నాటికి ఆయన వెనుక ఏ సంఘమూ లేదు. ఆంధ్ర మహాసభ 1930లోనే మొదలైనా, అది పల్లెలలో రైతు సంఘమై నిలిచినది 1944 భువనగిరి సభ తరువాతనే. బందగీ కోర్టు మెట్లు ఎక్కినది అంతకు ముందు. తన పంట, తన పైసా, తన ధైర్యం, ఇవే ఆయనకు బలం.

ఆయన పట్టుదల ఫలించినది. తీర్పు ఆయన పక్షాన వచ్చినది. కాని కాగితం మీద ఓడినవాడు కర్రతో గెలువజూచినాడు. 1940ల తొలినాళ్ళలో దేశ్‌ముఖు మనుషులు దారి కాచి బందగీని చంపినారు. నేడు సమాధి ఉన్నది ఆ బాట మీదనే.

ఇక్కడ ఒక ప్రశ్న రాక తప్పదు. న్యాయాన్ని నమ్మి కోర్టుకు పోయినవానికి దక్కినది చావే అయినప్పుడు, ఆయన చేసిన పనికి ఫలమేమి? జరిగిన చరిత్రయే దీనికి జవాబు చెప్పినది. దొర మీద దావా వేయవచ్చునని, గెలువను కూడ వచ్చునని ఆయన ఆ ప్రాంతానికి చూపినాడు. ఒక్కడుగా గెలిచినవానిని బతకనీయరనీ ఆయన మరణం చూపినది. ఈ రెండవ పాఠాన్ని పల్లెలు మరువలేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమి పంట మీద అదే దేశ్‌ముఖు కన్ను వేసినప్పుడు, ఆమె ఒంటరిగా లేదు. సంఘం కార్యకర్తలు అండగా నిలిచి పంటను ఆమె ఇంటికి చేర్చినారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య తూటాకు బలియైనప్పుడు ఊళ్ళకు ఊళ్ళే లేచినవి. ఆ నిప్పు మానుకోటకు, అటుపైన నేటి భూపాలపల్లి వైపు గోదావరి అడవులకు పాకి, 1951 అక్టోబరు వరకు చల్లారలేదు. కౌలుదారులకు రక్షణ కల్పించే చట్టం 1950లో వచ్చినది. బందగీ ఒక్కడుగా అడిగిన హక్కు, ఆయన పోయిన పదేళ్ళ తరువాత, చట్టమై నిలిచినది.

మరొక విషయాన్ని మేము ప్రత్యేకంగా మనవి చేయదలచినాము. నాటి పోరాటాన్ని మతాల మధ్య పోరుగా చెప్పేవారు అప్పుడున్నారు, ఇప్పుడూ ఉన్నారు. నవాబు ముసల్మాను అయినంత మాత్రాన ముసల్మాను రైతుకు ఒరిగినది ఏమీ లేదని బందగీ జీవితమే సాక్ష్యం. మహబూబాబాదు తాలూకాలో పుట్టిన షోయబుల్లాఖాన్ తన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్‌లో ప్రజల పక్షాన రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో రజాకార్ల చేతిలో ప్రాణాలు అర్పించినాడు. ఒకరు నాగలి పట్టినవారు, మరొకరు కలం పట్టినవారు. తెలుగువారు బందగీని తమవానిగా నిలుపుకొన్నారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన మాభూమి నాటకం 1947లో ఆంధ్ర ప్రాంతంలో ఊరూరా ప్రదర్శింపబడినప్పుడు, బందగీ పేరు కామారెడ్డిగూడెం ఎన్నడూ చూడనివారి ఇళ్ళకు కూడ చేరినది.

బందగీ అను మాటకు ఉర్దూలో దాస్యమనీ, ఆరాధన అనీ అర్థాలు. దేవునికి మాత్రమే చెందవలసిన ఆ దాస్యాన్ని దొరకు ఇవ్వనన్న మనిషికి ఆ పేరు ఎంత చక్కగా అమరినదో చూడుడు.

విద్యార్థి మిత్రులారా! మీలో పలువురి ఇళ్ళలో తాతల నాటి పెట్టెలలో ఉర్దూలో రాసిన పట్టాలు, రసీదులు, ఫైసలాలు మడత పెట్టి ఉండవచ్చును. వాటిని చదువలేక తెలుగువారు, వాటి విలువ తెలియక మరికొందరు పక్కన పెట్టుచున్నారు. తరగతిలో ఉర్దూ వచ్చిన మిత్రుని పక్కన కూర్చుండబెట్టుకొని ఒక్కసారి చదివించుకొనుడు. ఆ ఒక్కొక్క కాగితం కోసం ఏ ఇంటి పెద్ద ఎన్ని పేషీలు తిరిగినాడో, ఎవరికి ఎదురు నిలిచినాడో అప్పుడు మీకు తెలియును.