గోపురం ఎక్కిన ధైర్యం: రామానుజులు మంత్రాన్ని తన దగ్గరే ఎందుకు దాచుకోలేదు?



హైదరాబాద్ శివార్లలోని ముచ్చింతల్‌లో 216 అడుగుల సమతామూర్తి విగ్రహం మీలో చాలామంది చూసే ఉంటారు. 2022 ఫిబ్రవరిలో దాన్ని ఆవిష్కరించారు. ఫోటోలు దిగాం, లేజర్ షో చూశాం, ఇంటికొచ్చేశాం. కానీ అక్కడ చేతులు జోడించి కూర్చున్న ఆ స్వామి తన నమ్మకాన్ని నలుగురితో పంచుకోవడానికి ఎంత మూల్యం చెల్లించారో మనలో ఎంతమందికి తెలుసు? ఈరోజు ఆ కథే చెప్పుకుందాం.

సంప్రదాయం ప్రకారం రామానుజులు 1017లో శ్రీపెరుంబుదూరులో పుట్టారు. ఇప్పటి చెన్నైకి దగ్గర్లోనే ఉంది ఆ ఊరు. తండ్రి ఆసూరి కేశవ సోమయాజి, తల్లి కాంతిమతి. చదువు కోసం కంచిలో యాదవప్రకాశుడనే పెద్ద పండితుడి దగ్గర చేరారు. అక్కడే మొదటి గొడవ. ఉపనిషత్తులో భగవంతుడి కళ్ల గురించి ఒక మాట వస్తుంది. గురువు దానికి చెప్పిన అర్థం శిష్యుడి మనసుకి ముల్లులా గుచ్చుకుంది. స్వామి కళ్లని అలా వర్ణించడం ఏమిటని కన్నీళ్లు పెట్టుకుని, అప్పుడే విరిసిన తామరలతో పోల్చి తన అర్థం తాను చెప్పారు. గురువుకి అది నచ్చలేదు. కాశీయాత్ర పేరుతో తీసుకెళ్లి దారిలోనే చంపించాలనుకున్నాడని గురుపరంపర కథలు చెప్తాయి. పినతల్లి కొడుకు గోవిందుడు ముందే హెచ్చరించడంతో రామానుజులు వింధ్య అడవుల్లో ఒంటరిగా తప్పించుకున్నారు. అదే యాదవప్రకాశుడు ముసలితనంలో రామానుజులకే శిష్యుడయ్యాడట!

కంచిలో ఆయన గుండెకి దగ్గరైన మనిషి కాంచీపూర్ణులు. బ్రాహ్మణ కులంలో పుట్టినవాడు కాదు, వరదరాజ స్వామికి వింజామర వీచే మహాభక్తుడు. రామానుజులు ఆయన్ని గురువుగా భావించి ఇంటికి భోజనానికి పిలిచారు. ఆయన తిన్న ప్రసాదశేషం తినాలని ఆశ. కానీ ఆయన వచ్చి తిని వెళ్లాక భార్య తంజమాంబ ఆ చోటంతా కడిగేసి, స్నానం చేసి, మళ్లీ వంట మొదలుపెట్టింది. చూడండి, ఎదురుగాలి బయటి నుంచే వస్తుందనుకుంటాం. మొదట వచ్చేది మన వంటింట్లోంచే కావచ్చు. ఇలాంటివి మరికొన్ని జరిగాక ఆయన సన్యాసం తీసుకున్నారు. శ్రీరంగం ఆయన్ని పిలిచింది.

ఇక అసలు ఘట్టం. తిరుక్కోష్టియూర్‌లో గోష్ఠీపూర్ణులనే ఆచార్యులు ఉండేవారు. అష్టాక్షరీ మంత్రం లోతైన అర్థం ఆయనకి తెలుసు. శ్రీరంగం నుంచి ఆ ఊరు దాదాపు వంద కిలోమీటర్లు. రామానుజులు నడిచి వెళ్లారు. ఆయన చెప్పలేదు, వెనక్కి పంపేశారు. మళ్లీ వెళ్లారు. మళ్లీ అదే. పట్టు విడవకుండా 18 సార్లు తిరిగితే గానీ ఆ అర్థం దక్కలేదు. అదీ ఒక షరతు మీద. అర్హత చూడకుండా ఎవరికీ చెప్పకూడదు, చెప్తే నరకమే.

అన్ని తిప్పలు పడి సంపాదించినదాన్ని మనమైతే ఏం చేస్తాం? భద్రంగా దాచుకుంటాం. రామానుజులు ఏం చేశారో తెలుసా? సౌమ్యనారాయణ స్వామి ఆలయం మీదికెక్కి, ఊళ్లోవాళ్లందర్నీ పిలిచి, ఆ రహస్యాన్ని గొంతెత్తి పంచేశారు. కులం అడగలేదు, చదువు అడగలేదు. వినాలనే ఆశ ఒక్కటే అర్హత అన్నారు.

గురువుకి పట్టరాని కోపం వచ్చింది. మాట తప్పితే నరకమని తెలియదా అని నిలదీశారు. తెలుసన్నారు రామానుజులు. తానొక్కడు నరకానికి పోతే ఇంతమందికి వైకుంఠం దొరుకుతుంది కాబట్టి ఆ బేరం తనకి ఇష్టమేనన్నారు. గోష్ఠీపూర్ణులు మాటరాక నిలబడిపోయారు. ఇన్నేళ్లు మంత్రం అర్థం తనకి తెలుసు, కానీ దాని మనసు ఈ కుర్రాడికే తెలిసిందని గుర్తించారు. శిష్యుణ్ణి కౌగిలించుకుని ఎంబెరుమానార్ అని పిలిచారు. మా స్వామి కన్నా గొప్పవాడు అని ఆ పిలుపులోని భావం.

చాలా ప్రవచనాల్లో కథ ఇక్కడితో ఆగిపోతుంది. కానీ కష్టమైన భాగం ఇంకా ముందుంది.

శ్రీరంగం ఆలయ వ్యవహారాలను రామానుజులు చక్కదిద్దడం మొదలుపెట్టాక కొందరికి కంటగింపైంది. ఆయన భిక్షలో విషం కలిపించారు. వడ్డించాల్సిన ఇల్లాలే కన్నీళ్లతో నమస్కరించి, సైగతో ప్రాణం కాపాడింది. అయినా ఆయన దారి మార్చుకోలేదు. కావేరికి స్నానానికి వెళ్లేటప్పుడు బ్రాహ్మణ శిష్యుడి భుజం పట్టుకునేవారు. స్నానమయ్యాక తిరిగొచ్చేటప్పుడు మాత్రం తక్కువ కులంవాడని లోకం చూసే ధనుర్దాసు భుజం మీద చెయ్యి వేసేవారు. ఉపన్యాసం ఒక్కటీ లేదు. రోజూ వీధిలో అందరూ చూస్తుండగా ఆ చెయ్యే మాట్లాడేది.

తర్వాత చోళరాజు నుంచి పిలుపు వచ్చింది. శివుడికి మించిన దైవం లేదని రాసివ్వాలి, లేకపోతే శిక్ష. ఇక్కడ తప్పు శివభక్తిది కానే కాదు. సంతకం కోసం చేసిన బలవంతానిది. రామానుజులు వెళ్తే ప్రాణం దక్కదని శిష్యులకు అర్థమైంది. కూరేశులు ఆయన కాషాయం తాను కట్టుకుని, ఆయనలాగే రాజసభకు వెళ్లారు. రామానుజులకు దీక్ష ఇచ్చిన వృద్ధ గురువు మహాపూర్ణులు కూడా తోడు వెళ్లారు. ఇద్దరూ సంతకం పెట్టలేదు. ఇద్దరి కళ్లూ పోయాయి. మహాపూర్ణులు తిరుగు దారిలోనే పరమపదించారు.

గోపురం మీద నరకానికైనా సిద్ధమన్న మనిషి, ఈసారి తెల్లబట్టలు కట్టుకుని పడమటికి తప్పించుకుని వెళ్లాల్సి వచ్చింది. ఇది పిరికితనమా? ఒక్కసారి ఆలోచించండి. గోపురం మీద మూల్యం ఆయనొక్కడిదే, అందుకే తేలిగ్గా ఇచ్చేశారు. ఇప్పుడు ఆయన బదులు ఇంకొకరు చెల్లిస్తున్నారు. ఆ త్యాగం వృథా కాకుండా బతికి పనిచేయడం చచ్చిపోవడం కన్నా కష్టం. ఆయన ఆ కష్టాన్నే మోశారు.

కర్ణాటకలో హొయసల రాజు బిట్టిదేవుడు ఆయన్ని ఆదరించాడు. వైష్ణవుడై విష్ణువర్ధనుడిగా పేరుపొందాడు. మేల్కోటెలో తిరునారాయణ స్వామి ఆలయాన్ని రామానుజులు మళ్లీ నిలబెట్టారు. అంటరానివాళ్లని ఊరు దూరం పెట్టినవాళ్లకి తిరుక్కులత్తార్, అంటే పవిత్ర కులంవాళ్లు అని పేరు పెట్టి, ఏడాదిలో కొన్ని రోజులు ఆలయ ప్రవేశం ఇప్పించారు. కొన్ని రోజులేనా అని ఈరోజు మనకి అనిపిస్తుంది. నిజమే. కానీ దేశంలో ఎన్నో గుడుల తలుపులు అందరికీ తెరుచుకోవడానికి ఆ తర్వాత ఎనిమిది వందల ఏళ్లు పట్టిందని గుర్తుంచుకోండి.

సుమారు 12 ఏళ్ల తర్వాత ఆయన శ్రీరంగం తిరిగొచ్చారు. చూపులేని కూరేశులు పాదాల మీద పడితే లేవనెత్తి ఏడ్చారు. కంచి వరదుణ్ణి కళ్లు అడగమన్నారు. కూరేశులు వెళ్లి ఏం అడిగారో తెలుసా? తనని రాజుకి పట్టించిన నాలూరానుకి కూడా మోక్షం ఇమ్మని! గోపురం మీద పంచిన మంత్రం నిజంగా ఎవరికి చేరిందో ఆరోజు రామానుజులకి తెలిసి ఉంటుంది.

శ్రీభాష్యం సహా తొమ్మిది గ్రంథాలు రాసి, 74 మంది ఆచార్యులకు బాధ్యతలు అప్పగించి, 120 ఏళ్లు జీవించి 1137లో ఆయన పరమపదించారని సంప్రదాయం. మన తిరుమలలో కూడా భాష్యకారుల సన్నిధి ఉంది. ఈసారి వెళ్లినప్పుడు అక్కడ ఒక్క నిమిషం ఆగండి.

మరి మనకేంటి ఇందులో? ఆఫీసుకి బొట్టు పెట్టుకెళ్తే ఏమనుకుంటారో, హాస్టల్ రూమ్‌లో దీపం పెడితే నవ్వుతారేమో అని జంకుతాం. జంకు తప్పు కాదు. రామానుజుల జీవితంలోంచి రెండు ప్రశ్నలు తీసుకోండి. నేను పంచేది నన్ను గొప్పగా చూపించడానికా, ఎదుటివాడి మేలు కోసమా? దీనికి మూల్యం నేను కడుతున్నానా, ఇంకొకరి చేత కట్టిస్తున్నానా? ఈ రెండిటికీ జవాబు సరిగ్గా ఉంటే గొంతు దానంతట అదే పైకి లేస్తుంది. ఇంకొకడు వేరే దేవుణ్ణి నమ్మి, అంతే ధైర్యంగా తన మాట చెప్తే వినే ఓపిక కూడా వస్తుంది. ఎందుకంటే రామానుజులు తలుపు తెరిచారు, ఎవర్నీ మెడపట్టి లోపలికి లాగలేదు. సంతకం అడిగినవాడు రాజు, ఆయన కాదు.

ఓం నమో నారాయణాయ.