పసిబిడ్డల పక్షమున నిలిచిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

ఆంధ్రదేశమున జన్మించి అఖిల భారతమునకు సేవ చేసిన మహిళలలో శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అగ్రగణ్యులు. స్వాతంత్ర్య సమరయోధురాలిగను, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగను వారి పేరు తెలుగువారికి సుపరిచితమే. కాని, పసిబిడ్డల పోషణ కేవలము దాతల దయాధర్మములపై ఆధారపడియుండరాదనియు, ప్రభుత్వ ధనాగారమున దానికొక స్థానముండవలెననియు వారు సల్పిన కృషి అంతగా ప్రచారమునకు రాలేదు. వారి జీవితమున ఈ ఘట్టము ప్రత్యేకముగ స్మరింపదగినది.

1909వ సంవత్సరము జూలై 15వ తేదీన దుర్గాబాయి జన్మించిరి. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఎనిమిదవ యేటనే వివాహమయ్యెను. యుక్తవయస్సు వచ్చిన పిమ్మట ఆ బంధమును సమ్మతిపూర్వకముగ విడనాడి, దేశసేవకు అంకితమైరి. ఇంకను బాలికగా నున్నప్పుడే హిందీ పాఠశాలను నెలకొల్పి, తాము నేర్చినదానిని తోటి స్త్రీలకు నేర్పిరి. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భమున జరిగిన ఖాదీ ప్రదర్శనము ద్వారముకడ స్వచ్ఛంద సేవికగా నిలిచి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనీయని వృత్తాంతము లోకవిదితము.

ఉప్పు సత్యాగ్రహ కాలమున కారాగారవాసమనుభవించి, అచ్చట అక్షరజ్ఞానము లేని స్త్రీల దుస్థితిని కన్నులార చూచిరి. విడుదలైన పిమ్మట పట్టుదలతో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రమునందు పట్టము పొందిరి. 1942లో మద్రాసున న్యాయశాస్త్ర పట్టమును గడించిరి. ఈ మధ్యకాలముననే, 1937లో, ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. చందాలు పోగుచేసి సంస్థను నడుపుటలోని కష్టసుఖములు ఆ విధముగ వారికి స్వానుభవమున తెలిసినవి. ఇచ్చువారి మనస్సు మారినచో బీదల నోటికడ కూడు కూడ మారిపోవుట వారెరుగుదురు.

1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికై, ఆ సభ చర్చలయందు చురుకుగా పాల్గొనిరి. 1952లో ప్రణాళికా సంఘ సభ్యురాలైరి. ఒకనాడు తమచే ద్వారముకడ నిలుపబడిన నెహ్రూ పండితుడే ఆ సంఘమునకు అధ్యక్షులు. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారములు, విద్యుత్కేంద్రములు ప్రణాళికలో ప్రధాన స్థానమునాక్రమించిన దినములవి. తల్లి కూలికి పోయిన గుడిసెలో ఒంటరిగ మిగిలిన బిడ్డకు ఆ ప్రణాళికలో చోటెక్కడ అనునదే దుర్గాబాయి ముందున్న ప్రశ్న.

ఈ ప్రశ్న యొక్క బరువు జంషెడ్‌పూరు వంటి పారిశ్రామిక నగరమున నివసించువారికి సులభముగ బోధపడును. ఇచ్చటి టాటా ఉక్కు కంపెనీ 1917 నాటికే కార్మికుల పిల్లలకు విద్యా సౌకర్యములు కల్పించెను. 1928లో ప్రసూతి భృతిని ప్రవేశపెట్టెను. ఇది బొంబాయి రాష్ట్రపు ప్రసూతి చట్టముకంటె ఒక యేడు ముందు. తరువాత 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ఏబదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములలో ఆరేండ్లలోపు బిడ్డలకు శిశుగృహము ఉండవలెనని విధించెను. మంచిదే. కాని, ఇవి ఫ్యాక్టరీ గేటు లోపలి మాటలు. గేటు వెలుపల నాట్లు వేయు తల్లికి, రాళ్లు కొట్టు తల్లికి యజమాని ఎవరు? యజమాని లేనిచోట ఆ బాధ్యతను వహింపవలసినది ప్రభుత్వము గాక మరెవ్వరు?

ఈ లోటును పూరించు యత్నములో భాగముగ 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడెను. దుర్గాబాయి ప్రథమాధ్యక్షులైరి. స్వచ్ఛంద సంస్థలకు సహాయార్థము మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. అదే యేడు జనవరిలో నాటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో వారి వివాహము జరిగెను.

ప్రభుత్వ ధనమును ప్రజాసంస్థల చేతికిచ్చుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. లెక్కలు సరిగా ఉండునా యను శంక ఒక వైపు. ఫైళ్ల జాప్యమున సేవాభావము చల్లారిపోవునను భయము మరియొక వైపు. దుర్గాబాయి మధ్యేమార్గమునవలంబించిరి. మండలిలో అనధికారులకు ప్రాధాన్యమిచ్చిరి. రాష్ట్రములలో సలహా మండలులు ఏర్పడెను. గ్రాంటు పొందు సంస్థ తన వంతు ధనమును కూడ సమకూర్చుకొనవలెను, లెక్క చూపవలెను. ధనము ప్రభుత్వముది, చేతులు ప్రజలవి యనునదే ఆ పద్ధతిలోని సారాంశము.

1954 నుండి సంక్షేమ విస్తరణ పథకములు గ్రామములకు వ్యాపించెను. ఒక్కొక్క పథకము క్రింద సుమారు ఇరువదియైదు గ్రామములు. కేంద్రము కొంత, రాష్ట్రము కొంత, స్థానికులు కొంత వ్యయమును భరించిరి. ప్రసూతి సహాయము, స్త్రీలకు అక్షరాభ్యాసము, చేతిపనులు, వీనితోపాటు బాల్వాడీ. బాల్వాడీకి మేడలవసరము లేదు; గ్రామమున దొరికిన వసారాయే చాలును. పిల్లలకు స్నానము, శుభ్రత, పాట, ఆట, వీలున్నచోట కొంత పాలో, ఫలహారమో. ఆ కొద్ది గంటలలో తల్లి నిశ్చింతగ పనికి పోగలదు. మరియొక మేలు కూడ కలదు: చంక దిగని తమ్ముడున్నంతకాలము అక్కకు బడి లేదు. తమ్ముడు బాల్వాడీకి పోయిననాడే అక్క పలక పట్టగలదు. 1958లో జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షత వహించిన దుర్గాబాయికి శిశుసంక్షేమము, స్త్రీవిద్య రెండును ఒకే పనికి రెండు ముఖములు.

అయినను, ఈ పని దేశావసరముతో పోల్చిన సముద్రమున కాకిరెట్ట వంటిదే. గ్రాంటు పథకము హక్కు కాదు. నిధులు తగ్గిననాడు మూతపడు ప్రమాదము దానికెప్పుడును కలదు. ఆ వెలితి ఎంతో కాలమునకు గాని గుర్తింపు పొందలేదు. 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమై, అంగన్‌వాడీ అను మాట దేశమంతట వ్యాపించెను. దుర్గాబాయికి పద్మవిభూషణ బిరుదము లభించినదియు ఆ సంవత్సరముననే. 1981 మే 9వ తేదీన వారు పరమపదించిరి. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ, ఆరేండ్లు నిండువరకు పిల్లల సంరక్షణకును, విద్యకును రాజ్యము పాటుపడవలెనని 45వ అధికరణమున చేర్చెను. అదియు ఆదేశిక సూత్రమే గాని, న్యాయస్థానమున అడుగదగిన హక్కు కాదు.

కావున దుర్గాబాయి తలపెట్టిన పని ముగియలేదు. బడ్జెటు పత్రములలో శిశుసంక్షేమమను పద్దు ఒక చిన్న పంక్తి. ఆ పంక్తిలోని అంకె తగ్గినప్పుడు ఎచ్చటనో ఒక వసారా మూతపడును. ఒక అక్క బడి మానును. అట్టి పంక్తులను వ్రాయువారును, చదువువారును, వానికి జమాఖర్చులు చూచువారును ఈ సంగతిని మరువకుండుటయే ఆ మహనీయురాలికి సమర్పింపదగిన నిజమైన నివాళి.